తెల్లకోటు విప్పి రాయలేం

వైద్యం చేస్తూ పుస్తకాలు ఎలా రాస్తారని అడిగేవాళ్లు దాదాపు అందరూ సమయం గురించే అడుగుతారు. ఓపీ ఎన్నింటికి ముగుస్తుంది, రాత్రి ఎప్పుడు పడుకుంటారు, రాస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను వస్తే ఏం చేస్తారు? ఇవి అడగదగిన ప్రశ్నలే. వీటికి నా దగ్గర ఉన్న జవాబులు కింద చెబుతాను. కానీ చాలాకాలంగా రెండు పనులూ చేస్తున్న నాకు వీటికన్నా ముఖ్యంగా తోచేది వేరే ఉంది. వైద్యం ఒక వృత్తి, రచన ఇంకొక వృత్తి, ఒకదానిలో మిగిలిన సమయంతో రెండోది సాగించాలి అనుకోవడంలోనే పొరపాటు మొదలవుతోంది. డాక్టరు రాసే వైద్య పుస్తకం ఆ డాక్టరు చేసే వైద్యంలో భాగం. అది చదివి మనుషులు మందు మానేస్తారు, మొదలుపెడతారు, పరీక్షకు వెళతారు, వాయిదా వేస్తారు, పసిబిడ్డను ఎలా పడుకోబెట్టాలో నిర్ణయించుకుంటారు. అలాంటప్పుడు వార్డులో నన్ను కట్టిపడేసే నియమాలు రాతబల్ల దగ్గర ఎందుకు సడలాలి? హాని చేయకూడదు. అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ఆధారం లేనిది చెప్పకూడదు. మందు ఇచ్చాక ఏమైందో కనుక్కోవాలి. పుస్తకానికీ ఇవే వర్తించాలని నా వాదన.

రాసేటప్పుడు కూడా వృత్తి నియమాలేమిటని అనేవాళ్లున్నారు. కథలు, నవలలు రాసే డాక్టర్ల విషయంలో ఆ మాటకు బలం ఉంది. అక్కడ పాఠకుడికి ఇది కల్పన అని ముందే తెలుసు. నాన్ ఫిక్షన్‌లో సంగతి అది కాదు. ఇక్కడ అట్ట మీద పేరు ముందున్న ‘డాక్టర్’ అన్న మాటను నమ్మి పుస్తకం కొంటారు. ఆ నమ్మకం రచయితగా నేను సంపాదించుకున్నది కాదు, నా వృత్తి నాకు అప్పుగా ఇచ్చినది.

డాక్టర్లు రాయకపోవడం వల్ల జరిగే నష్టం కూడా చిన్నది కాదు. 1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలోని మొదటి ప్రసూతి విభాగం పరిస్థితి చూడండి. ఆ ఏప్రిల్‌లో అక్కడ కాన్పయిన స్త్రీలలో 18 శాతానికి పైగా చనిపోయారు. శవపరీక్షల గదిలో పనిచేసి నేరుగా కాన్పుల గదికి వస్తున్న డాక్టర్లు, విద్యార్థుల చేతులే బాలింతలకు జ్వరాన్ని మోసుకొస్తున్నాయని అక్కడి డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గుర్తించారు. మే నెల మధ్య నుంచి అందరి చేతులూ క్లోరిన్ ద్రావణంతో కడిగించారు. జూన్‌లో మరణాలు 2 శాతం దగ్గరికి, జులైలో ఒక శాతం దగ్గరికి పడిపోయాయి. ఇంత స్పష్టమైన ఫలితం వైద్య చరిత్రలో అరుదు. అయితే దాన్ని ఆయన పుస్తకంగా ప్రచురించింది 1861లో. మధ్యలో 14 సంవత్సరాలు గడిచాయి. రాయడమంటే తనకు పుట్టుకతోనే అయిష్టమని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నారు. తీరా వచ్చిన పుస్తకం చాంతాడంత, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతూ, విమర్శకుల మీద విరుచుకుపడుతూ సాగింది. అప్పటి పెద్దలు దాన్ని పక్కన పెట్టడానికి ఆ రాత తీరు కూడా ఒక సాకు అయింది. ఆ 14 ఏళ్లలో యూరప్ ఆసుపత్రుల్లో ఎందరు బాలింతలు చనిపోయి ఉంటారన్నది తలుచుకుంటే, రాయడం డాక్టరు తీరికవేళల సరదా అన్న మాట నాకు మింగుడు పడదు.

ఇదే సంగతిని ఆయన కన్నా ముందు, 1843లో, అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే డాక్టరు రాశారు. ఆయన కవి కూడా. వ్యాసం సూటిగా, ఉదాహరణలతో, చదివినవాడికి నిద్రపట్టనంత బలంగా ఉంటుంది. కానీ అది అచ్చయిన పత్రిక ఎక్కువమందికి చేరలేదు, ఏడాది తిరక్కుండానే మూతపడింది. ప్రసూతి వైద్యంలో పేరున్న ఆచార్యులు ఎగతాళి చేశారు. 1855లో కొత్త ముందుమాటతో ఆయన దాన్ని విడిగా మళ్లీ అచ్చు వేయించారు. బాగా రాసినంత మాత్రాన పని పూర్తికాదని, చేరవలసిన వాళ్లకు చేరేదాకా రచయిత వెంటపడాలని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

మూడో ఉదాహరణ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 1747లో సాలిస్‌బరీ అనే యుద్ధనౌక మీద ఓడ డాక్టరు జేమ్స్ లిండ్, విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బుతో బాధపడుతున్న 12 మంది నావికులను ఇద్దరేసి చొప్పున విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో చికిత్స ఇచ్చారు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరూ అందరికన్నా త్వరగా కోలుకున్నారు. 1753లో ఆయన పుస్తకం రాశారు. నాలుగు వందలకు పైగా పేజీల ఆ గ్రంథంలో ఈ ప్రయోగానికి దక్కింది కొన్ని పేరాలే. మిగిలినదంతా పాత సిద్ధాంతాలు, పూర్వుల అభిప్రాయాలు, ఇతర కారణాల చర్చ. తన చేతిలో ఉన్నది ఎంత విలువైనదో ఆయనకే పూర్తిగా అర్థం కాలేదు. రసాన్ని కాచి చిక్కబరిచి నిల్వ చేయమని కూడా సలహా ఇచ్చారు, కాచితే దానిలోని గుణం పోతుందని అప్పటికి తెలియదు. బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టింది 1795లో. ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి, అంతా పుస్తకం మీదికి నెట్టడం న్యాయం కాదు. కానీ ముఖ్యమైన మాటను పేజీల కింద పూడ్చిపెట్టే అలవాటు ఈనాటి వైద్య రచయితల్లో కూడా ఉంది. తెలిసినదంతా చెప్పాలన్న తపనలో, పాఠకుడు తప్పక తెలుసుకోవలసినది మునిగిపోతుంది.

ఇక సమయం. తెల్లవారుజామున లేచి రాయండి, ఇంట్లో అందరూ పడుకున్నాక రాయండి అని రచయితలందరికీ సలహా దొరుకుతుంది. డాక్టర్లకు మాత్రం ఆ సలహా ఇవ్వకూడదని నేను గట్టిగా చెబుతాను. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 17 గంటలు మెలకువగా ఉన్నవాళ్ల పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాళ్ల స్థాయికి దిగిపోయింది. 24 గంటల మెలకువ తర్వాత అది 0.10 శాతం ఆల్కహాలుతో సమానమైంది. తాగి ఓపీలో కూర్చుంటే ఎవరూ ఊరుకోరు. అధ్యాయం పూర్తి చేయాలని రాత్రంతా మేలుకొని మర్నాడు ఇన్సులిన్ మోతాదు రాసే డాక్టరు చేస్తున్నది కూడా దానికి చాలా దగ్గరి పనే. కనుక రాతకు కావలసిన గంటలు నిద్రలోంచి రాకూడదు. రోగి ముందు కూర్చునే నిమిషాల్లోంచి అసలే రాకూడదు. మిగిలింది సంపాదన. వారంలో కొన్ని పూటల ఓపీ వదులుకోవాలి. ఆ మేరకు ఆదాయం తగ్గుతుందని ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. నేను కనుక్కున్న దారి ఇదొక్కటే.

ఇది అందరికీ కుదరదని నాకు తెలుసు. చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరనివాళ్లు, పసిపిల్లలను సాకుతున్నవాళ్లు, రోజు విడిచి రోజు రాత్రి డ్యూటీ పడే జూనియర్ డాక్టర్లు పుస్తకం రాయలేకపోతున్నామని కుంగిపోనక్కర్లేదు. పుస్తకం కొన్నేళ్లు ఆగితే చెడిపోదు. పైగా కొన్ని విషయాల మీద కొన్నేళ్లు ఆగిన తర్వాతే రాయాలి. మొదటిసారి మన చేతుల మీదుగా ఒక మనిషి చనిపోయినప్పుడు కలిగే కల్లోలంలో రాసే పేజీలు మన దుఃఖం గురించే ఉంటాయి, చనిపోయిన మనిషి గురించి గానీ ఆ జబ్బు గురించి గానీ వాటిలో పెద్దగా ఉండదు. ఆ పేజీలు రాసుకోవాలి, దాచుకోవాలి. అచ్చుకు పంపకూడదు.

దొరికిన గంటలను వాడుకోవడంలో ఒక తేడా పాటిస్తే మేలు. ఒక అంకె సరైనదో కాదో చూసుకోవడం, పాత పరిశోధన వ్యాసం తిరగేయడం, రాసిన పేజీలో అక్కర్లేని మాటలు కొట్టేయడం లాంటివి రౌండ్స్‌కూ ఓపీకీ మధ్య దొరికే కాసేపట్లోనూ అవుతాయి. ఒక అధ్యాయాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎటు నడిపించాలో తేల్చుకోవడం మాత్రం అలా కాదు. దానికి ఎవరూ పిలవని పూర్తి రోజులు కావాలి, ఆ రోజుల్లో నా బదులు రోగులను చూసే డాక్టరు ఎవరో ముందే తేలి ఉండాలి. పిలుపు వస్తే వెళ్లవలసిన రోజున కొత్త అధ్యాయం మొదలుపెట్టను. పిలుపు వచ్చినప్పుడు మనసులో విసుగు పుడుతుంది. రోగి మీద డాక్టరుకు రాకూడని విసుగు అది.

సమయం కన్నా ఎన్నో రెట్లు కష్టమైనది గోప్యత. హిప్పోక్రటిస్ పేరు మీద వచ్చిన ప్రమాణంలోనే ఉంది: చికిత్స చేస్తూ చూసినవి, విన్నవి, బయట చెప్పకూడనివి నాలోనే ఉంచుకుంటాను అని. ప్రపంచ వైద్య సంఘం 1948లో రూపొందించిన జెనీవా ప్రకటనలోనూ రోగి చెప్పిన రహస్యాలను గౌరవిస్తానన్న మాట ఉంది. 1968లో దానికి ‘రోగి మరణించిన తర్వాత కూడా’ అన్న మాటలు చేర్చారు. ఆ చేర్పు ఊరికే రాలేదనిపిస్తుంది నాకు. అంతకు రెండేళ్ల ముందే, చర్చిల్ చనిపోయిన మరుసటి ఏడాది, ఆయన్ని ఏళ్ల తరబడి చూసిన డాక్టరు లార్డ్ మోరన్ ఆ అనారోగ్యాల వివరాలతో పుస్తకం వేశారు. కుటుంబం మండిపడింది, వైద్య లోకంలో పెద్ద చర్చ నడిచింది.

ఇంతకన్నా క్లిష్టమైనది ఫ్రాన్స్‌లో జరిగింది. ఫ్రాంస్వా మిత్తెరాన్ 1981 మేలో అధ్యక్షుడయ్యారు. తన ఆరోగ్యం గురించి క్రమం తప్పకుండా ప్రకటనలు ఇస్తానని ప్రజలకు మాట ఇచ్చారు. అదే ఏడాది నవంబరులో ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని తేలింది. ఆయన సొంత డాక్టరు క్లోద్ గుబ్లెర్ ఏళ్లపాటు ఆ సంగతి లేని ఆరోగ్య ప్రకటనల మీద సంతకం పెడుతూ వచ్చారు. మిత్తెరాన్ 1996 జనవరి 8న కన్నుమూశారు. 17న గుబ్లెర్ పుస్తకం బజారులోకి వచ్చింది. కుటుంబం కోర్టుకు వెళితే మర్నాడే అమ్మకాలు ఆపేయమని ఆదేశం వచ్చింది. అప్పటికే దాదాపు 40,000 ప్రతులు అమ్ముడుపోయాయి. వృత్తి రహస్యం బయటపెట్టినందుకు గుబ్లెర్‌కు శిక్ష పడింది, వైద్యుల జాబితా నుంచి పేరు పోయింది. ప్రచురణ సంస్థ యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 2004లో ఆ న్యాయస్థానం చెప్పినది గమనించదగినది. కుటుంబం దుఃఖంలో ఉన్న రోజుల్లో పుస్తకాన్ని తాత్కాలికంగా ఆపడం సమంజసమే, కానీ నెలలు గడిచి విషయం అందరికీ తెలిసిపోయాక శాశ్వతంగా నిషేధించడం భావ ప్రకటన స్వేచ్ఛకు భంగం అని తీర్పు ఇచ్చింది.

ఈ వ్యవహారంలో నేను గుబ్లెర్ పక్షాన నిలబడలేను. దేశాధ్యక్షుడి ఆరోగ్యం ప్రజలకు తెలియాలన్న వాదనలో న్యాయం ఉంది. అలా నమ్మిన డాక్టరు చేయగలిగిన పని ఒకటుంది: అబద్ధపు ప్రకటన మీద సంతకం పెట్టననడం. రోగి రహస్యం బయటపెట్టకుండానే ఆ పని చేయవచ్చు, ఉద్యోగం పోతే పోతుంది. ఏళ్ల తరబడి సంతకాలు పెట్టి, రోగి చనిపోయి పది రోజులు తిరక్కుండా పుస్తకం అమ్మడం ఆ అబద్ధాన్ని సరిచేయదు. డాక్టరుగా ఉన్నప్పుడు చూపించని నిజాయితీని పుస్తకంలో చూపిస్తానంటే నమ్మడం కష్టం. అయినా పుస్తకాన్ని శాశ్వతంగా నిషేధించడం తప్పన్న తీర్పుతో కూడా నేను ఏకీభవిస్తాను. పుస్తకం ఉండటానికి హక్కు ఉంది. డాక్టరుకు దాన్ని రాసే హక్కు లేదు. ఈ రెండు మాటలకూ వైరుధ్యం ఉన్నట్టు పైకి కనిపిస్తుంది కానీ, మొదటిది చట్టానికి సంబంధించినది, రెండోది మా ప్రమాణానికి సంబంధించినది.

పేరున్న మనుషుల సంగతి సరే, మామూలు రోగుల మాటేమిటి? పేరు మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాల్లో ఒక చిన్న సంగతి ఉంది: ఫోటోలో కళ్ల మీద నల్లగీత గీస్తే మనిషిని దాచినట్టు కాదు. రాతలో పేరు మార్చడం ఆ నల్లగీత లాంటిదే. జబ్బు, వయసు, వృత్తి, కుటుంబంలో జరిగిన సంఘటన కలిపి చదివితే అక్క, పొరుగువాడు, పాత స్నేహితుడు గుర్తుపడతారు. రోగికి నిజంగా భయం ఉండేది వాళ్లు గుర్తుపడతారనే, ముక్కూ మొహం తెలియని పాఠకుల గురించి కాదు.

పోనీ వివరాలు కూడా మారుద్దామంటే వైద్యం తప్పిపోతుంది. ఏళ్లపాటు రాళ్లు కొట్టి ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయిన మనిషిని గుమాస్తాగా మార్చి రాస్తే ఆ జబ్బుకు అర్థమే లేదు. గుండెపోటు వచ్చిన స్త్రీని పురుషుడిగా మారిస్తే, ఆమె నొప్పిని ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ ఎందుకు తేలిగ్గా తీసుకున్నారన్న కథంతా పోతుంది. వయసు పదేళ్లు తగ్గించినా ఒక్కోసారి రోగనిర్ధారణ తీరే మారిపోతుంది. అందుకే ముసుగుకు ఒక హద్దుంది. ఆ హద్దు దాటాల్సి వస్తే మిగిలేవి రెండే దారులు: అడగడం, వదిలేయడం.

అడగడంలోనూ చిక్కుంది. చికిత్స పొందుతున్న మనిషి డాక్టరు అడిగితే కాదనలేడు. కాదంటే శ్రద్ధ తగ్గుతుందేమోనన్న బెదురు ఉంటుంది. ఆ భయం అనవసరమని మనం ఎంత చెప్పినా పోదు. కాబట్టి నేను పాటించే పద్ధతి చెబుతాను. చికిత్స ముగిసిన తర్వాత, లేదా ఆ మనిషి వేరే డాక్టరు దగ్గరికి మారిన తర్వాతే అడుగుతాను. నోటిమాటతో ఊరుకోకుండా వారి గురించి రాసిన పేజీలు చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి మరొకరితో చదివించుకోమంటాను. అచ్చుకు వెళ్లేదాకా ఎప్పుడైనా వద్దనవచ్చని రాసి ఇస్తాను. వద్దన్నవాళ్లను కారణం అడగను. ఇద్దరు ముగ్గురి అనుభవాలు కలిపి ఒక మనిషిగా రాస్తే ఆ సంగతి పాఠకుడికి అక్కడే చెబుతాను, పుస్తకం చివర సన్న అక్షరాల్లో కాదు. ఇలా చేయడం వల్ల మంచి ఘట్టాలు కొన్ని పోయాయి. పోనివ్వండి. 1953లో మెదడు శస్త్రచికిత్స తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని స్థితికి చేరిన ఒక మనిషిని శాస్త్రలోకం అర్ధశతాబ్దానికి పైగా హెచ్.ఎం. అన్న రెండు అక్షరాలతోనే ఎరిగింది. ఆయన పేరు హెన్రీ మొలేసన్ అని లోకానికి తెలిసింది 2008లో ఆయన మరణించాకే. జ్ఞాపకశక్తి గురించి ఆయన వల్ల తెలిసినంత మరే రోగి వల్లా తెలియలేదంటారు. పేరు దాచినందువల్ల ఆ జ్ఞానానికి ఏ లోటూ రాలేదు.

దీనికన్నా సూక్ష్మమైన ప్రమాదం ఇంకొకటుంది, దాన్ని ఏ సంఘమూ నియమాలు పెట్టి ఆపలేదు. రోగి తన బాధ చెబుతుండగానే డాక్టరు మనసులో వాక్యం తయారవడం మొదలవుతుంది. ఆ వాక్యానికి కావలసిన వివరం కోసం ఒక ప్రశ్న వేయబుద్ధి అవుతుంది. నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది: ఈ మనిషి చికిత్సకు అక్కర్లేని ప్రశ్న ఓపీ గదిలో అడగకూడదు. కేస్ షీట్ తప్ప వేరే కాగితం బల్ల మీద ఉండకూడదు. ఫోనులో రోగుల గురించిన గుర్తులు రాసుకోకూడదు, ఎందుకంటే ఫోనులో రాసినది ఎక్కడెక్కడికి చేరుతుందో మన అదుపులో ఉండదు. ఇంటి దగ్గర రాసుకునే నోటుబుక్కులో పేర్లూ తేదీలూ ఉండకూడదు. రోగి మన ముందు కూర్చున్న ఆ కాసేపూ పుస్తకం అనేది లేనే లేదన్నట్టు ఉండగలిగినవాళ్లే ఈ రెండు పనులూ కలిపి చేయాలి.

ఇప్పుడు ఆధారం గురించి. డాక్టరుకు రాయడం కొత్తేమీ కాదు, జీవితమంతా కేస్ షీట్లు రాస్తూనే ఉంటాం. ఆ అలవాటు పుస్తకానికి సగమే పనికొస్తుంది. క్లుప్తత, వరుస, కొలతలు అక్కడి నుంచే వస్తాయి. కానీ కేస్ షీట్‌లో డాక్టరు కనిపించడు. ఏ పరీక్ష చేయించానో ఉంటుంది, చేయించే ముందు ఎంత తటపటాయించానో ఉండదు. పుస్తకంలో ఆ తటపటాయింపు ఉండాలి. వైద్యులకు ఎంత కచ్చితంగా తెలుసో, ఎక్కడ అంచనా వేస్తున్నారో పాఠకుడికి తెలియాలి. లేకపోతే మేం చెప్పే ప్రతి మాటనూ ఒకే బరువుతో తీసుకుంటాడు.

ఒక్క వాక్యం ఎంత పని చేయగలదో 1995 అక్టోబరులో బ్రిటన్‌లో తేలింది. కొత్తరకం గర్భనిరోధక మాత్రలు రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదాన్ని రెట్టింపు చేస్తాయని మందుల భద్రతా సంఘం హెచ్చరించింది. రెట్టింపు అన్నది నిజమే. 7,000 మందిలో ఒకరికి ఉన్న ప్రమాదం ఇద్దరికి పెరిగింది. ఈ రెండో వాక్యం ముందు చెప్పి ఉంటే వినేవాళ్లు వేరేగా అర్థం చేసుకునేవారు. చాలామంది స్త్రీలు మాత్రలు ఉన్నట్టుండి మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13,000 అదనంగా జరిగాయని అంచనా. గర్భం, కాన్పు ఆ మాత్రల కన్నా ఎక్కువగా రక్తం గడ్డకట్టించేవే. రెట్టింపు, సగం, మూడింతలు అన్న మాటలు రాసినప్పుడల్లా ‘ఎంతలో ఎంత’ అన్నది అదే వాక్యంలో రాయడం నాకు ఇప్పుడు మందు పేరు పక్కన మోతాదు రాయడం లాంటిదే.

అంకెల విషయంలో నేను ఎక్కువగా గౌరవించేది రష్యన్ రచయిత, డాక్టరు చెహోవ్‌ను. ఆయన కథకుడిగానే అందరికీ తెలుసు. కానీ 1890లో, క్షయ లక్షణాలు అప్పటికే కనబడుతున్న ఆ డాక్టరు, సైబీరియా దాటి సఖాలిన్ ద్వీపంలోని ఖైదీల కాలనీకి వెళ్లారు. మూడు నెలలపాటు ఇల్లిల్లూ తిరిగి దాదాపు 10,000 మంది వివరాలు కార్డుల మీద నింపారు. ఒక్క చూపులో మనిషిని ఊహించి రాయగల చెయ్యి అది. అయినా అక్కడ ఆయన ఊహించలేదు, అడిగి రాసుకున్నారు. పుస్తకం 1895లో వచ్చింది, దాని చివరి అధ్యాయం అక్కడి జబ్బుల గురించి, మరణాల గురించి, ఆసుపత్రుల దుస్థితి గురించి. దాన్ని వైద్య పరిశోధనగా గుర్తించి తనకు పాఠం చెప్పే అవకాశం ఇస్తారేమోనని మాస్కో విశ్వవిద్యాలయం వైపు ఆశగా చూశారు. అక్కడి డీన్ ఒప్పుకోలేదు. అలాంటి పుస్తకాన్ని వైద్యవిద్యకు సంబంధం లేనిదిగా చూసే ధోరణి ఇప్పటికీ పోలేదు. బోధనాసుపత్రుల్లో పదోన్నతికి పరిశోధన వ్యాసాలు లెక్కకొస్తాయి. వేలమంది రోగులు చదివి అర్థం చేసుకునే పుస్తకం చాలాచోట్ల లెక్కలోకి రాదు. ఇది మారాలి. పుస్తకాన్ని పనిగా లెక్కిస్తే దానికి సెలవు అడగవచ్చు, తోటి డాక్టర్ల చేత ముందుగా తప్పులు పట్టించవచ్చు. సరదాగా లెక్కించినంత కాలం రాసేవాళ్లు ఒంటరిగా, అలసిపోయి, ఎవరికీ చూపించకుండా రాస్తూనే ఉంటారు.

చివరిది, నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు కలిగించేది: పుస్తకం అచ్చయ్యాక జరిగేది. బెంజమిన్ స్పాక్ పిల్లల డాక్టరు. 1946లో వచ్చిన ఆయన శిశుపోషణ పుస్తకం కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. తల్లులను భయపెట్టకుండా, దబాయించకుండా మాట్లాడిన గొప్ప పుస్తకం అది. 1950ల చివరి నుంచి దాని కూర్పుల్లో పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టడం మేలన్న సలహా చేరింది. వెల్లకిలా పడుకున్న బిడ్డ కక్కుకుంటే పొలమారి ఊపిరాడదేమోనన్నది అందుకు చూపిన కారణం. వినడానికి సబబుగానే ఉంది. ఎందరో డాక్టర్లు అప్పట్లో అదే చెప్పారు. కానీ దానికి ఆధారం లేదు. బోర్లా పడుకున్న పిల్లల్లోనే నిద్రలో ఆకస్మిక మరణాలు ఎక్కువని తర్వాత తేలింది. 2005లో వచ్చిన ఒక సమీక్ష, 1970 నాటికి ఉన్న అధ్యయనాలను కలిపి చూసినా ఈ సంగతి కనిపించేదని, అప్పుడే సలహా మార్చి ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో కనీసం 50,000 మంది పిల్లలు బతికేవారని అంచనా వేసింది. 1990ల మొదట్లో వెల్లకిలా పడుకోబెట్టమన్న ప్రచారం మొదలయ్యాక చాలా దేశాల్లో ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి.

స్పాక్ దుర్మార్గుడు కాదు, అజాగ్రత్తపరుడూ కాదు. అందుకే ఈ ఉదాహరణ నన్ను వదలదు. ఓపీలో నేను ఇచ్చిన సలహా తప్పని తేలితే ఆ రోగి మళ్లీ వచ్చినప్పుడు మార్చగలను, ఫోను చేసి చెప్పగలను. పుస్తకంలోని సలహా ఎవరింట్లో ఉందో తెలియదు. ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరికి చేతులు మారుతూ నేను పోయిన తర్వాత కూడా మాట్లాడుతూనే ఉంటుంది. ప్రాక్టీసు మానేసి పూర్తిగా రచనకే అంకితమవుదామనుకునే డాక్టర్లతో నేను వాదించేది ఈ కారణం వల్లే. రోగులను చూడటం ఆపిన రోజు నుంచి మన జ్ఞానానికి వయసు మీదపడటం మొదలవుతుంది. ఆ సంగతి మనకు ఎవరూ గుర్తుచేయరు, ఎందుకంటే గుర్తుచేసేవాళ్లు రోగులే. పోయిన వారం ఇచ్చిన మాత్ర పడలేదని వాళ్లు వచ్చి చెబితేనే మనం పుస్తకం మళ్లీ తెరుస్తాం. ఆరోగ్యం బాగాలేక, వయసు మళ్లి ప్రాక్టీసు ఆపేవాళ్లను రాయవద్దని నేను అనను. చరిత్ర, జ్ఞాపకాలు, వైద్యవృత్తి మీద విమర్శ వాళ్లు మనకన్నా బాగా రాస్తారు. ఏ మందు ఎంత వాడాలో చెప్పే పుస్తకం మాత్రం రోగులను చూస్తున్నవాళ్లే రాయాలి, వాళ్లే తిరగరాయాలి.

అందుకని ప్రచురణకర్తలతో నేను పట్టుబడుతున్నది ఒక పేజీ కోసం. ముందుమాట కన్నా ముందు, విషయసూచిక కన్నా ముందు వచ్చే పేజీ. రచయిత ఏ విభాగంలో, ఏ సంవత్సరం దాకా రోగులను చూశారు. పుస్తకంలోని చికిత్సల సమాచారాన్ని చివరిసారి ఏ నెలలో సరిచూశారు. ఏ మందుల కంపెనీ నుంచైనా ఎప్పుడైనా డబ్బు తీసుకున్నారా. పుస్తకంలోని మనుషుల అనుమతి ఎలా తీసుకున్నారు. కిందటి కూర్పులో ఉండి ఈ కూర్పులో మారిన సలహాలేమిటి, ఎందుకు మారాయి. ఈ ఆఖరి వరుస పెడితే పాత ప్రతులు కొన్నవాళ్లకు నమ్మకం పోతుందని ఒక ప్రచురణకర్త నాతో అన్నారు. పాత ప్రతి కొన్నవాళ్లకు ఆ జాబితా విడిగా, ఉచితంగా అందేలా చేద్దామని నేనన్నాను. ఆ మాట మీద ఇంకా తెగలేదు. తెగేదాకా రాతప్రతి నా దగ్గరే ఉంటుంది.